పట్నములో కిరాయి చెల్లించు విధము



పల్లెనుండి పట్నమునకు పోవువారు పూర్వము మూడు సంగతులు విచారించుచుండెడివారు. ఏ బండి ఎక్కవలెను, ఎక్కడ దిగవలెను, రాత్రి ఎవరి యింట తల దాచుకొనవలెను అని. ఇప్పుడు నాలుగవది యొకటి వచ్చి చేరినది. కిరాయి సొమ్మును ఏ రూపమున చెల్లింపవలెను? ఇది స్వల్పవిషయమని తోచవచ్చును. కాని కంటి శస్త్రచికిత్సకో, కోర్టు వాయిదాకో, కుమార్తె పురిటికో హైదరాబాదు పోయి వచ్చిన మన యీడువారిని అడిగి చూడుడు. వారిలో పలువురు బస్సుల రద్దీని గూర్చి చెప్పరు. ఎండను గూర్చియు చెప్పరు. “మనుమడు వెంట లేనిదే గడప దాటలేకపోతినయ్యా, డబ్బు కట్టుట తెలియక” అని చెప్పుదురు. నలుబదియేండ్లు సేద్యము చేసి, ఊరిలో పదిమంది తగవులు తీర్చిన మనిషి, పట్నములో పది రూపాయల టిక్కెట్టుకొఱకు ఒకరి చేతివైపు చూచుచు నిలుచుట నాకు సమంజసముగా తోచదు. అందుచేతనే ఈ విషయమును ఎత్తుకొంటిని.

ఒక నగరమునకు వెలుపలివారెఱుగని నాణెము ఉండుట క్రొత్తవిషయము కాదు. నిజాము రాజ్యమున హాలీ సిక్కా చెలామణిలో నుండెడిది. బ్రిటిషు ఇండియా రూపాయిని ఇక్కడివారు కల్దారు అనెడివారు. బెజవాడ వైపునుండి రైలెక్కి వచ్చినవాడు తన కల్దారు రూపాయలను ఇక్కడ హాలీగా మార్చుకొనవలసి వచ్చెడిది. కల్దారు ఆరింటికి హాలీ ఏడు వచ్చునని స్థూలమైన లెక్క. ఆరిచ్చి ఏడు పుచ్చుకొని సంతోషించిన బాటసారి, తిరుగు ప్రయాణమున జేబులో మిగిలిన ఏడవది తన యూరిలో చెల్లదని తెలిసికొని విచారించుటయు సహజమే. 1950వ దశకము ముగియునాటికి ఆ నాణెము పూర్తిగా తొలగిపోయినది. నేను పుట్టుసరికి దాని మాట మాత్రమే మిగిలియుండెను. అయినను నేటి మెట్రోబండి కార్డును చూచినపుడు నాకు ఆ హాలీ సిక్కాయే జ్ఞప్తికి వచ్చును. మన రూపాయిని ఇచ్చి ఆ కార్డులో నింపుకొందుము. అది ఆ బండికి మాత్రమే చెల్లును. ఊరికి తిరిగి వచ్చిన పిదప అందు మిగిలినది మిరపకాయల బేరమునకు పనికిరాదు. కావున దానిని కొనవలెనా, మానవలెనా అను ప్రశ్నకు ముందుగా చేయవలసిన విచారణ యొక్కటే: మనము ఎన్నిసార్లు ఎక్కుదుము?

హైదరాబాదు మెట్రో 2017 నవంబరు 28న ప్రారంభింపబడి, మఱునాటినుండి ప్రజలకు అందుబాటులోనికి వచ్చినది. మియాపూరునుండి ఎల్బీనగరు వఱకు ఒకటి, నాగోలునుండి రాయదుర్గము వఱకు ఒకటి, జూబిలీ బస్సుస్టేషనునుండి మహాత్మాగాంధీ బస్సుస్టేషను వఱకు ఒకటి, మొత్తము మూడు మార్గములు. పొడవు కలిపి సుమారు 69 కిలోమీటర్లు. జిల్లాలనుండి వచ్చు మనకు దీనివలన గొప్ప సౌకర్యము కలదు. నల్లగొండ, ఖమ్మము, మహబూబునగరు వైపునుండి వచ్చువారు మహాత్మాగాంధీ బస్సుస్టేషనులోను, కరీంనగరు వైపువారు జూబిలీ బస్సుస్టేషనులోను దిగుదురు గదా. ఆ రెండుచోట్లను ఈ బండి ప్రక్కనే యున్నది. అమీరుపేటవంటిచోట ఒక మార్గమునుండి మఱొక మార్గమునకు మాఱవచ్చును. అట్లు మాఱుటకు వేఱు టిక్కెట్టు అక్కఱలేదు. ఈ సంగతి తెలియక స్టేషను వెలుపలికి పోయి, మరల వరుసలో నిలిచి, మరల సొమ్ము చెల్లించినవారిని నేనెఱుగుదును.

అచ్చటి పద్ధతి యెట్టిదనగా, స్టేషనులోనికి పోవుచోట యంత్రపు తలుపు ఒకటి యుండును. చేతిలోని బిళ్లనో కార్డునో చూపినచోట నుంచినయెడల రెక్కలు తెఱచుకొనును. కాగితముపై అచ్చువేసిన నలుపుతెలుపుల గళ్ల గుఱుతైనచో దానిని అద్దమునకు ఎదురుగా చూపవలెను. దిగిన స్టేషనులోను ఇదే పని మరల చేయవలెను. బిళ్లను మాత్రము అక్కడ చీలికలో వేయవలెను; యంత్రము దానిని మ్రింగి దారి విడుచును. మన బస్సు అలవాటు చొప్పున, “ఎక్కితిమి గదా, ఇక టిక్కెట్టుతో నేమి పని?” అని దానిని పారవేయరాదు. ఎక్కునప్పటికంటె దిగునప్పుడే దాని యవసరము అధికము. ఇంకొక మాట. దంపతులిద్దఱు ఒక్క కార్డుతో పోజాలరు. భర్త లోనికి పోయి కార్డును వెనుకకు అందించినచో, లోపల నున్నవాడు ఇంకను బయటికి రాలేదని యంత్రమునకు తెలియును గనుక, భార్యను రానీయదు. ఎవరిది వారికి ఉండవలెను.

కిరాయి మాట. మొదట 10 రూపాయలు మొదలు 60 వఱకు ఉండెడిది. 2025 మే 17న దానిని 12 మొదలు 75 వఱకు పెంచిరి. ప్రజలలో అలజడి కలుగగా, వారము దినములకే, మే 24నుండి, పదింట నొకవంతు తగ్గించిరి. అప్పుడది 11 మొదలు 69 వఱకు అయినది. ధరలు ఇట్లు మాఱుచుండును గావున అంకెలను కంఠస్థము చేయ నక్కఱలేదు. దూరమునుబట్టి కిరాయి పెరుగునని తెలిసియున్న చాలును. ఒక్క దినము పోయి వచ్చువానికి కార్డుతో పని లేదు. కౌంటరునొద్ద నిలిచి, దిగవలసిన స్టేషను పేరు చెప్పి, నగదిచ్చి టిక్కెట్టు పుచ్చుకొనుటయే మేలు. కుమారుని యింట నెలదినములుండి, దినము విడిచి దినము ఆసుపత్రికి తిరుగవలసినవానికి కార్డు మేలు. ప్రతిసారి వరుసలో నిలువనక్కఱలేదు, చిల్లర వెదకనక్కఱలేదు. ఈ రెంటికి నడుమ నున్నవారికి నా లెక్క యిది: పదిసార్లకు తక్కువైనచో కార్డు వలదు. కార్డునకు వేఱుగా వెల యెంత, మిగిలిన సొమ్ము తిరిగి యిత్తురా, ఎన్నాళ్లలో వాడవలెను అను మూడు ప్రశ్నలను కొనుటకు ముందే గుమాస్తాను అడుగుడు. కొన్న తరువాత అడిగినచో అది విచారణ కాదు, విచారము.

ఇక బస్సుల సంగతి. హైదరాబాదులో సర్కారు బస్సులు నేటివి కావు. 1932లో నిజాము రైల్వేవారి శాఖగా 27 బస్సులతో మొదలైనవి. 1958లో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడినది. రాష్ట్రము విడివడిన తరువాత తెలంగాణకు వేఱుగా సంస్థ కలిగినది. నా చిన్ననాట కండక్టరు చంకకు తోలుసంచి, చేతిలో రంగురంగుల టిక్కెట్ల కట్టలు, ఆ టిక్కెట్లకు చిల్లు పొడుచు పట్టుకారు ఉండెడివి. ఆ పట్టుకారుతో కమ్మీపై టకటక కొట్టుచు “టికెట్, టికెట్” అని వచ్చుచుండగా మేము పిల్లలము భయభక్తులతో చూచెడివారము. ఇప్పుడు చిన్న యంత్రము వచ్చినది. అయినను చిల్లర బాధ మాత్రము పోలేదు. నూఱు రూపాయల కాగితమిచ్చినచో, కండక్టరు మిగిలిన మొత్తమును టిక్కెట్టు వెనుక వ్రాసి యిచ్చుట మీరెఱిగినదే. దిగునపుడు మూటలు, పిల్లలు, త్రోపుడు, ఈ సందడిలో దానిని మఱచి దిగినవారెందఱో! అది ఎనుబది రూపాయలు కావచ్చును; కూలివానికి చిన్న మొత్తము కాదు. కండక్టరును దూషించి ఫలము లేదు. అతని సంచిలోను చిల్లర ప్రయాణికులు ఇచ్చినదే. కావున ఊరు విడుచుటకు ముందు కిరాణా కొట్టులోనో, పాలకేంద్రములోనో పది, ఇరువది రూపాయల కాగితములు ఒక ముప్పది సమకూర్చుకొనుడు. నా మట్టుకు పట్నప్రయాణమునకు ఇంతకు మించిన సాధనము లేదు. 2025 అక్టోబరు 6నుండి జంటనగరముల బస్సులలో మొదటి మూడు స్టేజీలకు 5 రూపాయలు, నాలుగవ స్టేజీనుండి 10 రూపాయలు అదనముగా చేర్చిరి గనుక, పాత లెక్కతో సరిగా చిల్లర చేత పట్టుకొని ఎక్కువారు ఆ సంగతి గమనింపవలెను.

మన యింటి స్త్రీల విషయము వేఱు. తెలంగాణలో 2023 డిసెంబరు 9నుండి మహాలక్ష్మి పథకము చొప్పున స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలోను, నగరమున సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులలోను కిరాయి లేదు. మెట్రో ఎక్స్‌ప్రెస్ అనునది బస్సు పేరు. పైన చెప్పిన మెట్రోబండి కాదు. ఆ బండిలో ఈ ఉచితము లేదు. ఈ పేర్ల తికమక వలన స్టేషను ద్వారమునొద్ద ఆధారు కార్డు చూపి, “నాకు ఉచితము గదా” అని వాదించిన అమ్మలు కలరు. వారిది తప్పనజాలము, పేరు పెట్టినవారిదే తప్పు.

ఉచితమైనను టిక్కెట్టు పుచ్చుకొనుట మానరాదు. దానిని సున్న టిక్కెట్టు అందురు. ఆ టిక్కెట్ల లెక్కనుబట్టియే ప్రభుత్వము సంస్థకు సొమ్ము చెల్లించును. సిగ్గుపడియో, రద్దీకి జంకియో టిక్కెట్టు పుచ్చుకొననిచో ఆ ప్రయాణపు సొమ్ము సంస్థకు ముట్టదు. తనిఖీదారు వచ్చినపుడు మనకును చిక్కు. ఈ సౌకర్యము తెలంగాణ నివాసులకే గాని అందఱికి కాదు. కోదాడలో ఒక అక్క, జగ్గయ్యపేటలో ఒక చెల్లెలు కాపురమున్నారనుకొనుడు. రెండూళ్ల నడుమ దూరము కొలదియే. కాని మొదటిది తెలంగాణలోను, రెండవది ఆంధ్రలోను ఉన్నవి. ఇద్దఱును దిలుసుఖునగరులో ఒకే సిటీబస్సు ఎక్కిరి. అక్క తన గుర్తింపుకార్డు చూపి సున్న టిక్కెట్టు పుచ్చుకొనును. చెల్లెలు సొమ్ము చెల్లింపవలెను. ఆంధ్రలో 2025 ఆగస్టు 15నుండి స్త్రీశక్తి పథకము వచ్చినది గదా అని చెల్లెలు అడుగవచ్చును. వచ్చినది, కాని అది ఆ రాష్ట్రపు బస్సులలో, ఆ రాష్ట్రపు హద్దులలోపలనే. కావున ఆంధ్రనుండి హైదరాబాదు పోవు స్త్రీలు చేతిలో కిరాయి ఉంచుకొనియే బస్సెక్కవలెను. కండక్టరుతో తగవు పడిన ప్రయోజనము లేదు.

వృద్ధదంపతులు కలిసి పోవునపుడు లెక్క మఱొక రీతిగా మాఱును. బస్సులో ఒక్కరికే కిరాయి, మెట్రోలో ఇద్దఱికి. సొమ్ము మాత్రమే చూచినచో బస్సే చవుక. కాని మోకాళ్ల నొప్పిగల యిల్లాలు బస్సు మెట్టు ఎక్కుటకు పడు శ్రమను ఎవరు లెక్కింతురు? మెట్రో స్టేషనులలో పైకి తీసికొనిపోవు లిఫ్టులున్నవి. బండి నేలమట్టమునకు సమముగా నిలుచును. పదింటి వేళకు డాక్టరును కలియవలెనన్నచో, అడ్డములేని పట్టాలపై పోవునదే నమ్మకము. పోవునపుడు మెట్రో, తొందర లేనపుడు తిరిగి వచ్చుటకు బస్సు అని పంచుకొన్న సొమ్మును మిగులును, ఒళ్లును మిగులును. లింగంపల్లి, సికింద్రాబాదు, ఫలక్‌నుమాల నడుమ 2003నుండి నడుచుచున్న ఎంఎంటీఎస్ రైలు అన్నిటికంటె చవుక. అది రైల్వేవారిది, టిక్కెట్టు రైలుస్టేషను కౌంటరులో దొరకును. అయితే బండికి బండికి నడుమ వ్యవధి యెక్కువ. వేళలు ముందుగా తెలిసికొనక పోయి నిలిచినచో మిగిల్చిన రూపాయలు టీనీళ్లకు పోవును.

ఇప్పుడు ఫోను మాట. 2016లో యూపీఐ అను పద్ధతి వచ్చినది మొదలు తోపుడుబండ్లవారు సైతము నలుపుతెలుపు గళ్ల బొమ్మను వ్రేలాడదీసికొనుచున్నారు. మెట్రో టిక్కెట్టును ఫోనులోనే తెప్పించుకొనవచ్చును. అనేక బస్సులలో కండక్టరుకును ఫోనుతో చెల్లింపవచ్చును. చిల్లర బాధ తీర్చుటకు ఇది మంచి మందే. కాని మందునకు పథ్యము కలదు.

గత సంవత్సరము ఒక మెట్రో స్టేషనులో నా ముందు ఒక పెద్దమనిషి నిలిచియుండెను. తెల్లని పంచె, భుజమున కండువా. కండ్లజోడు మఱచివచ్చెను కాబోలు, అక్షరములు కనబడక, తన వెనుకనున్న యువకునికి ఫోను చేతికిచ్చి, “బాబూ, జర చూచి కట్టు. నంబరు ఇదిగో” అని తన రహస్యసంఖ్యను అందఱును వినునట్లు బిగ్గరగా చెప్పెను. ఆ పిల్లవాడు బుద్ధిమంతుడు. “తాతా, అట్ల చెప్పొద్దు” అని ఫోనును తిరిగి యిచ్చి, తన నగదుతో టిక్కెట్టు కొనియిచ్చి, ఆయన వద్ద నగదు పుచ్చుకొనెను. అందఱును అట్టివారు కారు. ఆయన బ్యాంకు ఖాతాలో ధాన్యము అమ్మిన సొమ్మంతయు ఉండియుండవచ్చును. పదునొకండు రూపాయల టిక్కెట్టుకొఱకు ఆ పంట సొమ్ము తాళపుచెవిని సంతలో ఎత్తి చూపినట్లయినది.

కావున ఫోనుతో చెల్లింపదలచినవారు ఊరిలోనే, తీఱికవేళ, ఈ ఏర్పాటు చేసికొనుడు. పంట సొమ్ము, పింఛను సొమ్ము ఉన్న ఖాతాను ఫోనునకు ముడిపెట్టకుడు. వేఱొక చిన్న ఖాతాలో రెండు మూడువేలు మాత్రము వేసి దానినే ముడిపెట్టుడు. యూపీఐ లైట్ అను సౌకర్యము కలదు. దానిలో కొంత సొమ్మును ముందుగా వేఱుచేసి పెట్టుకొన్నచో, చిన్న మొత్తములు చెల్లించునపుడు రహస్యసంఖ్య నొక్కనక్కఱలేదు. ఒక్కసారికి 1,000 రూపాయలు, అందులో ఉంచుటకు 5,000 రూపాయలు మించరాదని రిజర్వుబ్యాంకువారు 2024 డిసెంబరులో నిర్ణయించిరి. గుంపులో సంఖ్య నొక్కు పని తప్పును. బ్యాంకుతో ముడి తమకు వలదనువారికి 2024లో వచ్చిన యూపీఐ సర్కిల్ కలదు. కుమారుడో కుమార్తెయో తన ఖాతానుండి మనము ఖర్చు చేయుటకు అనుమతి నిచ్చును. ఒకసారికి 5,000, నెలకు 15,000 రూపాయలు దాని మేర. “కొడుకు సొమ్ముతో బస్సెక్కుటయా?” అని అభిమానపడువారు నెలాఖరున లెక్కచూచి తిరిగి యిచ్చివేయుడు. ఆ యభిమానము నాకును కలదు.

రహస్యసంఖ్యను గూర్చి ఒక్క సూత్రము చాలును. సొమ్ము మననుండి పోవునపుడు మాత్రమే అది నొక్కవలెను. సొమ్ము మనకు వచ్చుటకు సంఖ్య నొక్కుట గాని, గళ్ల బొమ్మను పట్టుట గాని ఎన్నడును అక్కఱలేదు. “మీ టిక్కెట్టు సొమ్ము తిరిగి వచ్చినది, సంఖ్య నొక్కుడు” అని ఎవడేని ఫోనులో పలికినచో వాడు దొంగ. పొరపాటున చిక్కితిమా, ఆలసింపక 1930 అను నంబరునకు ఫోను చేసి ఫిర్యాదు చెప్పవలెను. గంటలు గడచినకొలది సొమ్ము చేతులు మాఱి దూరమగును.

ఫోనులోనే టిక్కెట్టు ఉన్నపుడు ఫోను ప్రాణము పోయినచో టిక్కెట్టును పోయినట్లే. దిగిన స్టేషనులో తలుపు తెఱచుకొనదు. అచ్చటి ఉద్యోగిని ఆశ్రయింపవలసి వచ్చును. ఉదయము నిండుగా ఛార్జి పెట్టుకొని బయలుదేఱుడు. ఫోను ఎంత ఘనమైనదైనను పంచెమడతలో రెండువందల రూపాయల చిల్లర నోట్లు ఉండవలసినదే.

హైదరాబాదు తరువాత మనవారు అధికముగా పోవునది చెన్నపట్టణము. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు ప్రాంతములవారు వైద్యమునకై తఱచు పోవుచుందురు. అచ్చట హాలీ సిక్కా చిక్కు తీఱు మార్గము కనబడుచున్నది. ఏ నగరమునకు ఆ నగరపు కార్డు గాక, దేశమంతటికిని చెల్లు ప్రయాణకార్డును 2019 మార్చిలో కేంద్రప్రభుత్వము ప్రవేశపెట్టినది. చెన్నపట్టణపు మెట్రోలో 2023నుండి సింగారచెన్నై అను పేరుతో ఈ జాతి కార్డు చెల్లుచున్నది. 2025 జనవరినుండి అచ్చటి నగరబస్సులలోను చెల్లుచున్నది. ఢిల్లీ, బెంగుళూరు మెట్రోలలోను ఈ జాతి కార్డును అంగీకరించుచున్నారు. రెండు మూడు నగరములకు తిరుగువారు బ్యాంకులో ఈ కార్డునే అడుగుట యుక్తము. దానిలోపల చిన్న సంచివంటి భాగమొకటి యున్నది. ప్రయాణపు సొమ్ము అందుండియే పోవును, రహస్యసంఖ్య అడుగదు, 2,000 రూపాయలకు మించి పట్టదు. సంఖ్య అడుగదు గనుకనే ఆ కార్డు దొరికినవాడును దానితో బండి ఎక్కవచ్చును. అది పోయినచో ఆ సంచిలోని సొమ్ము నోటు పోయినట్లే పోవును. నాలుగు దినముల కిరాయికి ఎంత కావలెనో అంత మాత్రమే నింపుకొని, తక్కువ పడినపుడు స్టేషనులో మరల నింపుకొనుడు.